బోర్డు చూసి కాదు, జాబితా చూసి చేర్పిద్దాం

పన్నెండో తరగతి ఫలితాల వేళ మా బడులకు వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. ‘మా పిల్ల పైలట్ అవుతానంటోంది మాస్టారూ, ఎక్కడ చేర్పించమంటారు?’ అని. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. అలాంటి వార్తలు చూసిన పిల్లల్లో ఆశ పుట్టడం సహజం. ఆ ఆశ వెనకాలే ఊరూరా ‘ఏవియేషన్ అకాడమీ’ బోర్డులు కూడా లేచాయి. పొలమో ఇల్లో తాకట్టు పెట్టే ముందు మనం కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది, ఆ బోర్డుల వెనక ఉన్నవన్నీ ఒకటి కావు. పైలట్ లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. దాని ఆమోదం ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో నడిపిన గంటలే లెక్కలోకి వస్తాయి. విమానాల మరమ్మతు ఇంజినీరు లైసెన్సుకు కూడా డీజీసీఏ ఆమోదించిన సంస్థల్లోనే చదవాలి. ఎయిర్ హోస్టెస్, గ్రౌండ్ స్టాఫ్ డిప్లొమాల సంగతి వేరు. క్యాబిన్ సిబ్బందిని ఎంపిక చేసుకున్నాక విమాన సంస్థలే సొంతంగా శిక్షణ ఇస్తాయి. డిప్లొమా ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు.

రెండోది, ఎంచుకోవడానికి ఇప్పుడు ఒక ఆధారం దొరికింది. 2025లో డీజీసీఏ తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇచ్చింది. ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో ఈ జాబితా వెలువడాలి. మొదటి జాబితాలో అత్యున్నతమైన ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ గ్రేడ్లు ఒక్క స్కూలుకూ దక్కలేదు. 13 స్కూళ్లు ఏ గ్రేడులో, 22 బీ గ్రేడులో నిలిచాయి. ‘దేశంలోనే నంబర్ వన్’ అని ఎవరైనా కరపత్రం చేతికిస్తే, ముందు ఈ జాబితాలో వాళ్ల పేరు ఎక్కడుందో చూడాలి.

అయితే గ్రేడు ఒక్కటీ సరిపోదు. లెక్కల మాస్టార్లం కనుక చిన్న లెక్క వేసి చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. స్కూల్లో 100 మంది ఉంటే మొత్తం 20,000 గంటలు. ఒక విమానం రోజుకు 5 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు ఎగిరితే 1,500 గంటలు. పది విమానాలుంటే అందరి గంటలూ ఏడాదిన్నరలోపు పూర్తవుతాయి. ఐదే ఉంటే రెండేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. వానలు, మరమ్మతులు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత దీనికి అదనం. ఆలస్యమైన ప్రతి నెలా హాస్టల్ ఖర్చు, అప్పు మీద వడ్డీ మన నెత్తినే పడతాయి.

అందుకే స్కూలుకు స్వయంగా వెళ్లి అడగాలి. ఈ రోజు ఎగరగలిగే విమానాలు ఎన్ని? విద్యార్థులు ఎంతమంది? కిందటి బ్యాచ్ ఎన్ని నెలల్లో పూర్తి చేసింది? ఎగిరిన గంటలను బట్టి ఫీజు కట్టొచ్చా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? జవాబులు కాగితం మీద తీసుకోవాలి. కార్యాలయంలో కాకుండా అక్కడ చదువుతున్న పిల్లలతో మాట్లాడితే నిజం ఇంకా బాగా తెలుస్తుంది.

మూడోది, వరస తప్పకూడదు. శిక్షణకు దాదాపు అరకోటి రూపాయలు, కొన్నిచోట్ల అంతకు మించి అవుతుంది. ఆ తర్వాత పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ ఖర్చు వేరు. కాబట్టి ముందు వైద్య పరీక్షలు. క్లాస్ 2 అయ్యాక క్లాస్ 1 కూడా చేయించాలి. రంగులు గుర్తించడంలో లోపం వంటివి అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనల పరీక్షలకు సిద్ధం కావాలి. వీటిలో 70 శాతం వస్తేనే పాస్. ఈ రెండూ దాటగలమన్న ధైర్యం వచ్చాకే పెద్ద మొత్తం కట్టాలి.

ఇక మన పిల్లలకే ప్రత్యేకమైన మాటలు రెండు. ‘తెలుగు మీడియం కదా, ఇంగ్లీషు ఎలా?’ అన్న భయం ఒకటి. అంతర్జాతీయ విమానయాన నిబంధనలు కోరేది ఇంగ్లీషులో నాలుగో స్థాయి. ఉచ్చారణలో మాతృభాష యాస ఉండొచ్చని, అర్థం కావడానికి అది తరచూ అడ్డురాకూడదని ఆ స్థాయి నిర్వచనమే చెబుతోంది. యాస తప్పు కాదు, తడబాటే తప్పు. తొమ్మిదో తరగతి నుంచే పీడనం, వేగం, త్వరణం వంటి మాటలను రెండు భాషల్లోనూ నేర్పితే ఆ తడబాటు పోతుంది. అది మా పని.

రెండోది స్థానికత. మనది తెలుగే అయినా ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల పథకాలు మనకు వర్తిస్తాయని అనుకోవద్దు. స్థానికత ఉన్న రాష్ట్రంలోనే ఉపకారవేతనాలు, రుణాల గురించి వాకబు చేయాలి. ఇంటిపేరు, ఇనీషియల్ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే ఇప్పుడే సరిచేయించాలి.

పిల్లల కల పెద్దదైతే మన జాగ్రత్త కూడా అంత పెద్దదిగా ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు పట్టుకుని ఒకసారి బడికి రండి. కలిసి చదువుదాం.