కఱచు గుఱ్ఱము, కొట్టు చేయి



మన వికారాబాదు, తాండూరు ప్రాంతములలో దుక్కి ఎద్దులతోను ట్రాక్టరులతోను జరుగునే గాని గుఱ్ఱములతో జరుగదు. అయినను పెండ్లి ఊరేగింపులకై గుఱ్ఱమును సాకువారు అక్కడక్కడ నున్నారు. గడచిన వేసవిలో తాండూరు సమీప గ్రామమున అట్టి గుఱ్ఱమొకటి, మేత వేయవచ్చిన పండ్రెండేండ్ల బాలుని భుజము కఱచినది. యజమాని మఱునాడు దానిని కట్టివేసి చెర్నకోలతో చావమోదెను. నాటినుండి అది మనుష్యుని జూచినంతనే చెవులు వెనుకకు వ్రాల్చి, వెనుకకాళ్లు మనవైపు త్రిప్పుచుండెను. “సంతలో నమ్మివేయుదును, కఱచునని చెప్పినచో కొనువాడెవడు?” అని యతడు నాతో ననెను. ఆ మాటయే నాచేత నిది వ్రాయించుచున్నది.

జీను తీయించి చూచితిని. వెన్నుపై అరచేయి వెడల్పు పుండు! కొట్టుటకు ముందు వెదకవలసినది నొప్పి. వీపు, పండ్లు, గిట్టలు పశువైద్యునికి చూపింపుడు. శాంతమైన పశువు హఠాత్తుగా కఱవసాగినచో పిచ్చివ్యాధిని శంకించి, దూరముగా నుండి వైద్యుని పిలువుడు. కాటు పడిన మనుష్యుడు గాయమును సబ్బుతో, ధారగా పోయు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నొప్పి లేనిచో భయమో, చెడు అలవాటో కారణము. గుఱ్ఱపు కన్నులు తలకిరుప్రక్కల నుండుటచే, ముక్కు ముందటిదియు తోక వెనుకటిదియు దానికి సరిగా కానరాదు. కావున మాటలాడుచు ఎడమ భుజము వైపునుండి సమీపింపుడు. పగ్గమును చేతికి చుట్టుకొనకుడు. మీదికి త్రోసికొని వచ్చు గుఱ్ఱమును పగ్గముతో వెనుకకు నడుపుడు. అది యొక యడుగు వెనుకకు వేసిన క్షణముననే పగ్గము సడలింపుడు. ఆ సడలింపే దానికి పాఠము. తినుబండములు చేతితో నందీయక తొట్టిలో వేయుడు. పనిలేని దినమున దాణా తగ్గింపుడు. బాలుర నొంటరిగా పంపకుడు.

ఆలస్యముగా పడిన దెబ్బ యెందులకో పశువునకు తెలియదు. మనుష్యుడు వచ్చిన దెబ్బ వచ్చునని మాత్రము అది నేర్చుకొనును. గ్రీకుదేశీయుడగు క్సెనఫన్ 2,300 ఏండ్లకు పూర్వమే, కోపముతో గుఱ్ఱము జోలికి పోరాదని వ్రాసెను. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పశువును నిష్కారణముగా బాధించుటను నేరముగా నెంచినది. పొడుచు ఎద్దు విషయమునను ఇదియే న్యాయము.

ఆ పుండు మానుటకు నెలకు పైగా పట్టినది. నేడా గుఱ్ఱము చెవులు వ్రాల్చుట తగ్గినది, పూర్తిగా మానలేదు. యజమాని దాని నింకను అమ్మలేదు. అమ్మవలసివచ్చినచో దాని గుణము చెప్పియే అమ్మవలెనని నేను పట్టుబట్టితిని. ధర తగ్గును, నిజమే. కాని దాచి అమ్మిన పశువు కాటు కొన్నవాని బిడ్డపై పడును. ఆ కొన్నవాడు రేపు మన సంఘములో మన ప్రక్కనే కూర్చుండు సభ్యుడు కావచ్చును.