బోర్డు ఎప్పుడు పంపిస్తారన్నా?

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి పదకొండింటికి మా రూమ్ తలుపు తట్టి ఓ జూనియర్ నన్ను అడిగిన మాట ఇది. ఏ బోర్డురా అన్నాను. "అదే అన్నా, మీరు చేసిన ఎంబెడెడ్ ఇంటర్న్‌షిప్‌కి నేనూ డబ్బు కట్టాను. మూడు వారాలైంది, వీడియోలే వస్తున్నాయి. మీకు కిట్టు ఎన్నో వారంలో వచ్చిందో కనుక్కుందామని వచ్చా."

నాకు ఏ కిట్టూ రాలేదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకంటే నా లింక్డిన్ పోస్టులో అలా లేదు.

జరిగింది ఇది. సెకండియర్ ఎండాకాలం సెలవుల్లో ఒక ఆన్‌లైన్ సంస్థకి 2,500 రూపాయలు కట్టి ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ చేశాను. చేశాను అనడం కూడా ఎక్కువే. ఎప్పుడో రికార్డు చేసిన వీడియోలు, చివర్లో రెండు టాస్కులు. ఆ టాస్కుల కోడ్ గిట్‌హబ్‌లో దొరికింది. వేరియబుల్స్ పేర్లు మార్చి పంపేశాను. క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది. దాన్ని పోస్టు చేస్తూ రియల్ హార్డ్‌వేర్ మీద హ్యాండ్స్-ఆన్ అనుభవం వచ్చిందని రాశాను. అప్పటికి నా చేత్తో ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలిగించలేదు.

312 లైకులు. దాన్ని మించిన పోస్టు నా ప్రొఫైల్లో ఇప్పటికీ లేదు. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆ పోస్టుని స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారు. పెద్దనాన్న కింద రెండు దండాలు, ఒక పూలగుత్తి పెట్టారు.

అబద్ధం రాయాలని కూర్చోలేదు. ఆ నెలంతా ఫీడ్ చూస్తూ కూర్చున్నాను, అంతే. పొద్దున లేస్తే ఒకడికి ఇంటర్న్‌షిప్, మధ్యాహ్నానికి ఇంకొకడికి హ్యాకథాన్ ప్రైజు, రాత్రికి స్కూల్లో నా పక్క బెంచీ అమ్మాయికి పెద్ద కంపెనీ ఆఫర్. ఇంట్లో కరెంటు పోతే అమ్మ విసనకర్రతో విసురుతుంటే ఇవి చూస్తూ నేను. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే అన్నాడు, మనల్ని కొలుచుకోవడానికి సరైన కొలబద్ద దొరకనప్పుడు పక్కవాళ్లతో పోల్చుకుంటామని. నిజమే, బరువు ఎంతో తెలియాలంటే మిషన్ ఎక్కుతాం. "నేను పనికొస్తానా" అన్నదానికి మిషన్ లేదు. సిజిపిఎ కొంత చెప్తుంది, ఆ కొంత ఏంటో మనందరికీ తెలుసు.

ఆ జూనియర్ వచ్చి వెళ్లాక నిద్ర పట్టక ఒక చిన్న లెక్క వేశాను. ఇంజినీరింగ్ చదువుతూ మూడేళ్లలో ఈ లెక్క ఒక్కసారి కూడా వేయకపోవడం సిగ్గుచేటు.

నాకు లింక్డిన్‌లో సుమారు 500 మంది కనెక్షన్లు. ఒక్కొక్కళ్లకి ఏడాదిలో చెప్పుకోదగ్గ మంచి విషయాలు రెండే జరిగాయి అనుకుందాం. ఎవడూ అబద్ధం ఆడలేదనే అనుకుందాం. 500 ఇంటూ 2, వెయ్యి పోస్టులు. 365తో భాగిస్తే రోజుకి దాదాపు మూడు. అంటే నా ఫీడ్‌లో రోజుకి ముగ్గురు గెలుస్తూనే ఉంటారు, ఏడాది పొడుగునా. ఆ ముగ్గురూ రోజూ వేరే ముగ్గురు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ మిగిలిన 363 రోజులు నా రోజుల్లాంటివే: మెస్‌లో సాంబారు, ల్యాబ్ రికార్డు, బ్యాక్‌లాగ్ భయం. కానీ నేను పోల్చుకునేది నా ఒక్క రోజుని ఐదొందల మంది ఏడాదితో. పైగా జనం ఎక్కువ లైక్ చేసిన పోస్టుల్ని యాప్ ఏరి పైకి తెస్తుంది. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ నున్నగా ఉన్న కొండల్నే ఏరి మన ముందు వరసలో నిలబెట్టే పనికి జీతగాళ్లున్నారు.

ఈ లెక్క తెలిసిపోతే బాధ పోతుందా అంటే, పోదు. నాకు పోలేదు. 2021లో ఇన్‌స్టా లైకుల సంఖ్య దాచుకునే సెట్టింగ్ ఇచ్చింది. అది ఆన్ చేశా. అవతలివాడి లెక్క కనబడదు. నా పోస్టుకి ఎన్నొచ్చాయో మాత్రం నేను చూసుకోవచ్చు. చూసుకుంటూనే ఉన్నా, మరి దాచిందేంటి?

ఇలాంటి వ్యాసాల్లో ఇక్కడికి వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేయండి, యాప్ డిలీట్ చేసేయండి అంటారు. నేను అనను. ప్లేస్‌మెంట్ నోటీసులు వచ్చేది వాట్సాప్‌లో. రిఫరల్ అడగాలంటే లింక్డిన్ తప్ప నాకు దారి లేదు. నాన్న స్నేహితుల్లో బ్రేకులు చెక్ చేసేవాళ్లున్నారు గానీ హెచ్‌ఆర్ మేనేజర్లు లేరు. బంధువుల్లో నలుగురు అమెరికాలో ఉన్నవాడు సోషల్ మీడియా మానేయమని చెప్పడం తేలికే. మన పని గురించి మనం చెప్పుకోవడంలో తప్పు లేదు. మనలాంటి కాలేజీల నుంచి వచ్చేవాళ్లం చెప్పుకోకపోతే చెప్పేవాడు కూడా ఉండడు.

ఇంకో మందు ఈ మధ్య బాగా నడుస్తోంది: "అథెంటిక్‌గా ఉండండి". దాని పేరున వచ్చే ఫెయిల్యూర్ పోస్టులు మీరూ చూసే ఉంటారు. పదహారు కంపెనీలు రిజెక్ట్ చేశాయి, రాత్రుళ్లు ఏడ్చాను, ఒక్కో వాక్యం ఒక్కో లైను. చివర్లో ఆఫర్ లెటర్ ఫొటో. పదహారో కంపెనీ కాదన్న రోజు మాత్రం ఎవరూ పోస్టు పెట్టరు. పెట్టమని కూడా నేను అడగను, ఆ రోజు పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది. కానీ గెలిచాక రాసిన ఓటమి కూడా గెలుపు పోస్టే.

మన క్లబ్‌లో పోయినేడు కన్యాశుల్కం చదివినప్పుడు గిరీశాన్ని చూసి తెగ నవ్వాం గుర్తుందా? వెంకటేశానికి చుట్ట కాల్చడం తప్ప పెద్దగా ఏమీ నేర్పకుండానే గొప్ప గురువుగా చలామణి అయిపోయాడని. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అప్పటికి నా పోస్టుకి ఏడాది నిండింది.

నా మనసులో ఒక సర్దుబాటు ఉండేది. ఈ పోస్టు వల్ల ఎవరికి నష్టం? అందరూ పెడుతున్నారు, హెచ్‌ఆర్‌లకీ తెలుసు, ఇది ఒక ఆట. ఆ జూనియర్‌కి ఇది ఆటని తెలియదు. వాళ్ల అక్క ట్యూషన్లు చెప్పిన డబ్బులోంచి ఇచ్చిందట ఆ 2,500. నా పోస్టుని వాడు పోస్టులా చదవలేదు, సీనియర్ చెప్పిన మాటలా చదివాడు. నేను పెంచుకున్నాననుకున్న నా విలువ వాడి జేబులోంచి వచ్చింది.

ఆ రాత్రి వాడితో "కనుక్కుని చెప్తాలే" అన్నాను. అక్కడ కూడా నిజం చెప్పలేదు. రెండు రోజులు వాణ్ణి తప్పించుకుని తిరిగి, మూడో రోజు మెస్‌లో దొరికిపోయి చెప్పాను. వాడు తిట్టలేదు. "మరి మీకు వచ్చనుకున్నానన్నా" అన్నాడు. తిడితే బావుండేది.

ఆ శనివారం ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి ఒక ఆర్డుయినో యూనో తీసుకున్నాం. బ్రెడ్‌బోర్డు, 220 ఓమ్స్ రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ. గంట సేపు వెలగలేదు. ఎల్‌ఈడీ కాళ్లు తిరగేసి పెట్టానని కనిపెట్టింది వాడే. వెలిగాక ఇద్దరం పిచ్చోళ్లలా అరిచాం. ఫోన్ తీసి వీడియో తీయబోయి, నాకే ఎబ్బెట్టుగా అనిపించి జేబులో పెట్టేశా.

పోస్టు డిలీట్ చేయలేదు. చేస్తే అది కూడా దాచిపెట్టడమే అనిపించింది. పైన మూడు ముక్కలు కలిపాను: ఇందులో రికార్డెడ్ వీడియోలే ఉన్నాయి, నేను హార్డ్‌వేర్ ముట్టుకోలేదు, డబ్బు కట్టే ముందు నన్ను అడగండి. అదే సర్టిఫికెట్ పెట్టుకున్న నా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి "ప్లేస్‌మెంట్స్ ముందు ఇదేం పనిరా మామా, మా పరువు కూడా పోతోంది" అని గొడవపడ్డాడు. వాడి భయం అర్థమైంది. రెజ్యూమేలో ఆ లైను తీసేస్తే మిగిలిన ఖాళీ ఎంత తెల్లగా ఉందో నాకూ తెలుసు. ప్రస్తుతానికి అక్కడ మైనర్ ప్రాజెక్టు ఉంది, చిన్నదే. ఏ లైను గురించి అడిగినా చెప్పగలను.

ఫ్యామిలీ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ మాత్రం అలాగే ఉంది. పోయిన వారం ఎవరో చుట్టాలబ్బాయికి సలహా కావాలంటే నాన్న దాన్నే మళ్లీ ఫార్వర్డ్ చేశారు. ఈ సంచిక వచ్చాక లింకు ఆయనకి పంపాలి. పంపుతానని ఇక్కడ రాసుకుంటే అయినా పంపుతానేమోనని రాస్తున్నా.