డ్యూటీ దిగడం

మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్ఫై రెండేళ్ళు చేశారు. మా ఇంట్లో ఉద్యోగానికి సంబంధించి రెండే మాటలుండేవి: డ్యూటీ ఎక్కడం, డ్యూటీ దిగడం. దిగాక డిపో కుళాయి దగ్గరే కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంటే గానీ సైకిలెక్కేవారు కాదు. ఇంటికొచ్చాక బస్సు ఊసెత్తేవారు కాదు. వీధిలో ఎవరైనా "నిన్న మీ బస్సు దారిలో ఆగిపోయిందండీ" అంటే, "రేపు డ్యూటీలో చూస్తాలెండి" అనేసేవారు.

నేను చేసే పనిలో చేతులకి గ్రీజు అంటదు. అందుకేనేమో, ఎక్కడ దిగాలో చాలా ఏళ్ళు తెలీలేదు.

అమ్మ పోయిన ఏడాదికి, 2023 ఏప్రిల్‌లో, నాన్న మొదటిసారి డాలస్ వచ్చారు. ఆర్నెల్లు ఉన్నారు. నాది ఇంటినుంచే పని. "రోజంతా ఇంట్లోనే ఉంటావుగా, బోలెడు కబుర్లు చెప్పుకోవచ్చు" అని ఆయన ఆశ. నేనూ అలాగే అనుకున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి క్లయింటు మీటింగులు మొదలు. రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు టీంతో కాల్, అప్పుడు వాళ్ళకి ఉదయం ఏడున్నర. అదయ్యేసరికి పదిన్నర, ఆ తాలూకు మెయిళ్ళు రాసేసరికి పన్నెండు. నాన్న తెల్లవారుజామున ఐదింటికి లేచే మనిషి, తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయేవారు. మధ్యలో కలిసి తిన్న భోజనాలు కొన్ని ఉన్నాయి గానీ, అప్పుడు కూడా నా ఫోను కంచం పక్కనే ఉండేది.

మూడో వారంలో అనుకుంటా, గది తలుపు దగ్గర నిలబడి, "ఏరా, నువ్వు డ్యూటీ ఎప్పుడు దిగుతావు?" అని అడిగారు. నేను నవ్వి, మ్యూట్ తీసి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. మళ్ళీ అడగలేదు.

అక్టోబరులో విమానం ఎక్కించి వచ్చాను. సరిగ్గా ఆ నెలలోనే నారాయణమూర్తిగారు మన దేశపు కుర్రకారు వారానికి 70 గంటలు పనిచెయ్యాలని సెలవిచ్చారు. మా వాట్సాప్ గుంపులో మిత్రులు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేను "మేం ఎప్పట్నుంచో చేస్తూనే ఉన్నాం" అని కాలరెగరేసే జట్టు. ఆ శుక్రవారం టైంషీటు నింపుతూ అలవాటుగా 40 అని కొట్టాను. చేసింది అరవై ఐదు. ఎందుకో పాత వారాలు తిరగేశాను. అన్నిట్లోనూ 40. క్లయింటు అంతకు మించి బిల్లు ఒప్పుకోడు, నెలజీతగాణ్ణి కాబట్టి నాకూ పైసా రాదు. వారానికి పాతిక చొప్పున, నాన్న ఉన్న ఇరవయ్యారు వారాలకీ లెక్కేస్తే 650 గంటలు. ఏ కాగితం మీదా లేవు. ఎవరూ అడగలేదు కూడా. నేనే ఇచ్చేశాను.

అమెరికాలో 1938లో ఒక కార్మిక చట్టం వచ్చింది. దాని ప్రకారం 1940 నుంచి వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతమివ్వాలి. మనలాంటి కంప్యూటర్ వాళ్ళని మాత్రం 1990లో అందులోంచి మినహాయించడం మొదలుపెట్టారు. సరే, చట్టం కాపాడదు. మరి మనమెందుకు చేస్తున్నాం? నామటుకు నాకు కారణం భయం. గ్రీన్‌కార్డు క్యూ మనవాళ్ళకి పదేళ్ళు దాటిపోయింది. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే, 2017లో వచ్చిన నియమం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఇల్లు, పిల్ల బడి, అన్నీ ఆ 60 రోజుల మీద నిలబడ్డట్టుంటుంది. ఎక్కువ పనిచేస్తే మనజోలికి రారులే అని ఒక ధైర్యం.

ఆ ధైర్యం ఒట్టిదని నా అభిప్రాయం. మా ప్రాజెక్టులోనే రాత్రి రెండింటికి మెయిలుకి జవాబిచ్చిన మనిషికి, పొద్దున్న తొమ్మిదింటికి లాగిన్ పనిచెయ్యలేదు. జాబితా రాసినవాళ్ళు చూసుకున్నది ఏ విభాగానికి ఎంత ఖర్చవుతోందన్నదే, ఎవరు ఎన్నింటిదాకా మేలుకున్నారన్నది కాదు. ఇక ఒంటి సంగతి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే లెక్కతేల్చింది. నేనది అప్పుడే చదివాను. చదివి, కాల్‌కి టైమైందని ఆ పేజీ మూసేశాను.

(గో-లైవ్ రాత్రుళ్ళు, సర్వర్లు పడిపోయిన రోజులు వేరు. అవి తప్పవు. ఏడాదికి ఎన్నొస్తాయో వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి.)

అందరికంటే ముందు ఆ తొమ్మిదింటి కాల్ మీద పడ్డాను. వారానికి ఐదు రోజులెందుకు, రెండు చాలవా అని హైదరాబాదులో లీడ్‌ని కాస్త మొహమాటపడుతూనే అడిగాను. అతను గట్టిగా నవ్వాడు. "మీకోసమే సార్ మేం రోజూ పెట్టుకుంటున్నది. ఏడున్నరకి గచ్చిబౌలి చేరాలంటే మా వాళ్ళు ఐదున్నరకి లేవాలి" అన్నాడు. నేనేమో వాళ్ళకోసం అనుకుని మేలుకుంటున్నాను! మిగతా మూడు రోజులూ సాయంత్రం ఒక పేజీ రాసి పెట్టేస్తున్నాను. పనేమీ ఆగలేదు, ఆ సంగతి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆరున్నరకి లాప్‌టాప్ మూసి, చెప్పుల అల్మారాలో పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కుంటాను. "ఏం అంటిందని అంత రుద్దుతున్నారు?" అని మా ఆవిడ వేళాకోళం. పూర్తిగా మారిపోయానని కోతలు కొయ్యను. పోయిన వారం నలభై ఎనిమిది గంటలు చేశాను, టైంషీటులో మళ్ళీ 40 అనే రాశాను. ఒక్కోరోజు పన్నెండింటికి మెలకువొచ్చి చెయ్యి ఫోనుకోసం వెతుక్కుంటుంది.

ఇప్పుడు రోజూ ఏడింటికి నాన్నకి ఫోన్ చేస్తాను. ఎండాకాలంలో ఆయనకప్పుడు ఐదున్నర, కాఫీ వేళ. డిపో సంగతులు ఇన్నేళ్ళకి చెబుతున్నారు, ఏ బస్సు ఇంజను ఎలా మొరాయించిందో అన్నీ గుర్తున్నాయి ఆయనకి. మొన్న ఆరుంబావుకే, ఇంకా మెయిలు రాస్తుండగా, ఆయనే చేశారు.

"దిగావా?"

"ఇంకా లేదు నాన్నా, పది నిమిషాలు."

"సరే కానీ. నేను లైన్లోనే ఉంటా."