పింఛనుదారుడంటే ఇంత చులకనెందుకు?

ఒకటో తేదీ తెల్లవారకముందే నందవరం వీధుల్లో సచివాలయ సిబ్బంది కనబడతారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేలిముద్రల మిషను. గడప ముందు కూర్చున్న అవ్వ వేలు పెడుతుంది. పత్తి ఏరి, కలుపు తీసి అరిగిపోయిన వేలు కాబట్టి ముద్ర ఒక పట్టాన పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. నాలుగు వేలు చేతికి వస్తాయి. పది గంటలకల్లా ఊరి హోటల్ దగ్గర మాటలు మొదలవుతాయి. "అందరికీ ఇంట్లో కూచోబెట్టి ఇస్తా ఉంటే ఇంగ పనికి ఎవరొస్తారప్పా" అని ఒకరు అంటారు. "ఆయమ్మకు ఇద్దరు కొడుకులు, బెంగుళూరులో సంపాదిస్తాండారు, ఆయమ్మకు పింఛను ఎందుకు?" అని ఇంకొకరు.

ఈ మాటలు అనేవాళ్లు ఎవరని చూస్తే విషయం ఆసక్తిగా ఉంటుంది. మొదటాయన రైతు. పొలం మోటారుకు 2004 నుంచి ఉచిత కరెంటే. పీఎం కిసాన్ పడుతుంది, అన్నదాత సుఖీభవ పడుతుంది. రెండో ఆయన ఇంట్లో ఇద్దరు పిల్లలకు తల్లికి వందనం వచ్చింది, దీపం సిలిండర్ వచ్చింది. భార్య ఎమ్మిగనూరుకు పోవాలంటే ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. వీళ్ల దృష్టిలో తమకు వచ్చేది హక్కు, పక్కింటికి పోయేది ఉచితం. ఈ లెక్క ఒక్క నందవరానిదే కాదు, రాష్ట్రమంతా ఇదే. సంక్షేమ పథకం ఏదీ ముట్టని ఇల్లు పల్లెల్లో వెతికినా దొరకని కాలంలో కూడా "పథకాలు తినేవాళ్లు" అనే మాట ఎప్పుడూ వేరేవాళ్ల గురించే వాడతారు.

పై స్థాయిలోనూ మాట తీరు పెద్దగా మారలేదు. 2022 జులైలో ప్రధాని మోదీ ఉచితాలను పండగ మిఠాయితో పోల్చి 'రేవడీ సంస్కృతి' అన్నారు. 2025 ఫిబ్రవరిలో పట్టణాల్లో ఇల్లులేని వాళ్ల కేసు విచారణలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ గవాయ్, మనం పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేస్తున్నామా అని ప్రశ్నించారు. ఎన్నికల ముందు ప్రకటించిన పథకాల వల్ల మహారాష్ట్రలో రైతులకు కూలీలు దొరకడం లేదని కూడా ఆ సందర్భంలోనే అన్నారు. నందవరం హోటల్ దగ్గర వినబడే మాట, ఢిల్లీలో వినబడిన మాట ఒకటే.

మరి కూలీలు నిజంగా పని మానేసి కూర్చున్నారా? పడమటి కర్నూలు మనిషికి ఈ ప్రశ్న అడిగితే నవ్వు రావాలి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, నందవరం పల్లెల్లో ప్రతి ఏడాదీ జరిగేది అందరికీ తెలుసు. వానాకాలం పంట అయిపోతూనే సంసారాలకు సంసారాలు మూటలు కట్టుకుని సుగ్గికి పోతాయి. మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, లేదంటే బెంగుళూరు, హైదరాబాద్ కట్టడాల పనికి. ఇళ్లకు తాళాలు పడతాయి. బడిలో పిల్లలు తగ్గిపోతారు, వాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు తెరవవలసి వస్తుంది. పొలం గట్టున గుడారం వేసుకుని, మంటలాంటి మిరప ఘాటులో తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా కోసే మనిషిని సోమరి అనడానికి నోరెలా వస్తుంది? స్థానిక రైతుకు కూలీ దొరకకపోవడం నిజమే, ఆయన బాధా నిజమే. అయితే కారణం పింఛను కాదు. ఇక్కడ ఇచ్చే కూలి కంటే అక్కడ సీజనంతా ఆగకుండా దొరికే పని ఎక్కువ, అంతే.

పింఛను తీసుకునేవాళ్లలో ఎక్కువమంది అసలు కూలికి పోయే వయసులో లేరు. సుగ్గికి పోయిన కొడుకూ కోడలూ మనవళ్లను వాళ్ల దగ్గర వదిలి పోతారు. ఆ మూడు నెలలు ఇల్లు నడిచేది ఆ నాలుగు వేల మీదే. రోజుకు లెక్కేస్తే 133 రూపాయలు. ఉపాధి హామీ కూలి 2025-26లో 307 రూపాయలు, అంటే దానిలో సగం కూడా లేదు. రోజుకు 133 రూపాయలతో ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు తినాలి, షుగరు మాత్రలు కొనాలి. ఇందులో విలాసం ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

"డబ్బులిస్తే తాగుతారు, పని మానేస్తారు" అన్నది ప్రపంచమంతా ఉన్న అనుమానమే. దాన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఇంకా కొందరు ఆర్థికవేత్తలు కలిసి ఆరు దేశాల్లోని ఏడు నగదు పథకాలను పరిశీలించి 2017లో ప్రచురించారు. డబ్బు అందుకున్న ఇళ్లలో పనిచేయడం తగ్గినట్టు ఎక్కడా నికరంగా తేలలేదు. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరుగుతుందా అని చూసిన ప్రపంచబ్యాంకు పరిశోధకులకూ పెరిగినట్టు కనబడలేదు.

దొంగతనం అసలు ఎక్కడ జరిగిందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్లకు, ఉపాధి కూలికి వేలిముద్రల స్మార్ట్ కార్డులు పెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్ బృందం ఎనిమిది జిల్లాల్లో పెద్ద అధ్యయనం చేసింది. అందులో కర్నూలు జిల్లా కూడా ఉంది. కార్డులు వచ్చిన మండలాల్లో ఉపాధి పథకం సొమ్ము పక్కదారి పట్టడం సుమారు 40 శాతం తగ్గింది. పింఛన్లలో మధ్యలో కాజేసేది దాదాపు సగానికి పడిపోయింది. అంటే డబ్బు పోయింది ముసలామె వల్ల కాదు, ఆమెకూ ప్రభుత్వానికీ మధ్యలో నిలబడ్డవాళ్ల వల్ల. ఈ సంగతి మాత్రం హోటల్ దగ్గర ఎవరూ మాట్లాడరు. మధ్యలోవాడు పలుకుబడి ఉన్నవాడు కదా, మాట్లాడితే రేపు వాడితోనే పని పడుతుంది.

అలాగని బోగస్ లేదనడం అబద్ధమవుతుంది. వికలాంగుల సర్టిఫికెట్లు డబ్బుకు కొన్నవాళ్లున్నారు, అమ్మిన డాక్టర్లున్నారు, ఇప్పించిన దళారులున్నారు. 2024 జులైలో వికలాంగుల పింఛను ఆరు వేలకు, మంచానికే పరిమితమైనవాళ్లది పదిహేను వేలకు పెరిగాక ఆశ కూడా పెరిగింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వం మళ్లీ పరీక్షలు మొదలుపెట్టింది. తనిఖీ తప్పు కాదు. అది జరిగిన తీరే జనాన్ని నొప్పించింది. ఏళ్ల క్రితం ప్రభుత్వ డాక్టరే రాసిచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని, ఆటో కట్టించుకుని, మనుషులు మోస్తే ఆస్పత్రికి వచ్చినవాళ్లు వరండాల్లో గంటలు గంటలు పడిగాపులు కాశారు. ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ వైకల్యం అంటూ రాష్ట్రమంతా వేలాది మందికి నోటీసులు పోయాయి. కలెక్టరేట్ల ముందు ధర్నాలు జరిగాయి. అప్పుడు ప్రభుత్వం, అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛను ఆపబోమని చెప్పింది.

నోటీసు అందిన రోజు ఊరిలో ఏమవుతుందో చెప్పే లెక్కలు ఎక్కడా ఉండవు. నిన్నటిదాకా 'పాపం' అన్నవాళ్లు ఈ రోజు 'దొంగ సర్టిఫికెట్టంట' అంటారు. అప్పీలులో గెలిచి పింఛను నిలబడినా ఆ మాట పోదు. దొంగ ఒకడైతే అనుమానం పదిమంది మీద పడింది. సర్టిఫికెట్ అమ్మిన చేతి మీద మాత్రం పెద్దగా పడలేదు.

కంప్యూటర్ చేసే తప్పు ఇంకో రకం. ముస్లిం కుటుంబాలు దీని మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. తెలంగాణలో 2014 తర్వాత సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలావాటికి ఇంటికొచ్చి చూసినవాళ్లు లేరు, మిషన్ లెక్కే ఆధారం. 2022లో సుప్రీంకోర్టు వాటిని మళ్లీ పరిశీలించమని చెప్పింది. హైదరాబాద్‌లో ఒక పేద ముస్లిం వితంతువు కథ అప్పట్లో బయటికొచ్చింది. భర్త రిక్షా తొక్కినవాడు. ఆయన పేరుకు దగ్గరగా ఉన్న వేరే ఎవరిదో కారు ఉంటే, ఆ కారును మిషన్ ఈ ఇంటికి అంటగట్టింది. కార్డు పోయింది. కారు లేదని రుజువు చేయడానికి ఆమె కోర్టు దాకా పోవలసి వచ్చింది. షేక్ మహబూబ్ బాషాలు, ఖాజా హుస్సేన్‌లు ఒక్కో వీధికి నలుగురుండే ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇలాంటి తప్పు జరగడానికి ఎంతసేపు? ఆంధ్రప్రదేశ్‌లోనూ పథకాలకు వడపోత ఉంది. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. ఒకే మీటరు మీద మూడు కాపురాలుండే ఇంటికి 300 యూనిట్లు వేసవిలో ఇట్టే దాటిపోతాయి. మీటరు ఎవరి ఆధార్‌కు కలిపారో ముందే చూసుకోవడం మంచిది.

ఇక ఒంటరి మహిళల పింఛను సంగతి. భర్త వదిలేసిన, వేరుపడిన ఆడమనిషికి ఇది వస్తుంది. రావాలంటే తాను వదిలివేయబడ్డానని తహశీల్దార్ ఆఫీసులో రుజువు చూపించాలి. పలకా బలపం పట్టని, పర్దా దాటి పెద్దగా బయటికి రాని ఆడమనిషి వీఆర్‌ఓ ముందు, ఇరుగు పొరుగు సాక్షుల ముందు తన సంసారం విప్పి చెప్పాలి. తలాక్ నోటిమాటగా జరిగిపోయి ఉంటే చేతిలో కాగితం ఉండదు. జమాత్ పెద్దలు రాసిచ్చే చీటీ ఒకచోట చెల్లుతుంది, ఇంకోచోట చెల్లదు. ఇంత చేసి నాలుగు వేలు తెచ్చుకుంటే వినబడే మాట: "మొగుడు లేకపోయినా ఫర్వాలేదు, గవర్నమెంటు ఉంది." ఈ ఒక్క మాటకు భయపడి అర్జీ పెట్టకుండా ఉండిపోయిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అర్హత లేకుండా తీసుకునేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. అర్హత ఉండీ సిగ్గుతో తీసుకోనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

వృత్తి పింఛన్లలోనూ ఒక వెలితి ఉంది. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు, మాచాని సోమప్ప సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరు. నేతన్నకు 50 ఏళ్లకే పింఛను వస్తుంది, రావలసిందే. దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల మనిషి ఊపిరితిత్తుల్లోనూ అదే దూది నిండుతుంది. ఆ వృత్తికి జాబితాలో చోటు లేదు, ఆయన 60 దాకా ఆగాలి.

సంక్షేమం మీద గట్టి విమర్శ ఒకటుంది, దాన్ని పక్కన పెట్టకూడదు. సుమారు 65 లక్షల పింఛన్లకు నెలకు 2,700 కోట్లు అవుతోంది. ఏడాదికి చూస్తే రాష్ట్ర బడ్జెట్‌లో దాదాపు పదో వంతు. అప్పులు పెరుగుతున్నాయి. మరోపక్క ఆర్డీఎస్ కుడి కాలువ పూర్తి కాలేదు, గుండ్రేవుల రిజర్వాయరు ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉంది. పక్కనే తుంగభద్ర పారుతున్నా నందవరం మండలంలో పొలాలు వానకోసం మొగులు చూస్తుంటాయి. నీళ్లిస్తే సుగ్గి ఆగుతుంది, పింఛను ఇస్తే ఆగదు అని ఎవరైనా అంటే అది నిజం. కానీ కాలువ ఆగిపోయింది అవ్వకు నాలుగు వేలు ఇచ్చినందుకా? ఆ పింఛను 200 రూపాయలు ఉన్న రోజుల్లోనూ కాలువ లేదు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని కేంద్ర ఆర్థికమంత్రే చెప్పారు. అప్పుడు ఏ హోటల్ దగ్గరా ఎవరూ కంపెనీలను సోమరిపోతులు అనలేదు.

"మా పన్నులతో మిమ్మల్ని పోషిస్తున్నాం" అనే మాటా ఇలాంటిదే. పింఛనుదారు ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టకపోవచ్చు. మనవడి ఫోన్ రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ మాత్రం కడుతుంది. ఆస్పత్రికి ఎక్కిన ఆటో పెట్రోలు మీద దేశంలోనే ఎక్కువ పన్నున్న రాష్ట్రాల్లో ఒకటి మనదే.

2024 ఏప్రిల్, మే నెలలను గుర్తు చేసుకోవాలి. ఎన్నికల వేళ వాలంటీర్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించడంతో ముసలివాళ్లు మండుటెండలో సచివాలయాలకు, ఆ తర్వాత నెల బ్యాంకులకు తిరిగారు. మంచాల మీద మోసుకొచ్చిన దృశ్యాలు అందరూ చూశారు. ఆ రెండు నెలలు ఒక్కరూ వాళ్లను సోమరులు అనలేదు, రెండు పార్టీలూ వాళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకున్నాయి. ఓట్లు అయిపోయాక పాత మాటలు మళ్లీ వచ్చాయి.

మన ఇళ్లలో కూడా ఈ చూపు లేకపోలేదు. రంజాన్‌లో జకాత్ జాబితా రాసేటప్పుడు "ఆమెకు పింఛను వస్తుంది కదా, తీసేయండి" అనే మాట కొన్ని చోట్ల వినబడుతోంది. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, అందులో మొదటివాళ్లు పేదలు, నిరుపేదలు. నిసాబ్ అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువ, అంత మిగులు ఉంటే తప్ప మనిషి సంపన్నుల లెక్కలోకి రాడు. ఒకటో తేదీ వచ్చి పదో తేదీకి కిరాణా కొట్టుకు, మందుల షాపుకు పోయే నాలుగు వేలతో నిసాబ్ పూర్తయ్యే ప్రశ్నే లేదు. సిగ్గుతో చేయి చాచనివాళ్లను చూసి తెలియనివాడు వాళ్లు ఉన్నవాళ్లే అనుకుంటాడని కూడా ఖురాన్ చెప్పిందే. ఖలీఫా ఉమర్ (రజి) వీధిలో అడుక్కుంటున్న ఒక ముసలి యూదుణ్ణి చూసి, పడుచుతనంలో పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని బైతుల్ మాల్ నుంచి భృతి ఏర్పాటు చేసిన ఉదంతం జుమా బయాన్‌లలో చాలామంది విన్నదే. ఆ ముసలాయన్ను కొడుకులెందరని అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు.

సుగ్గికి పోయేవాళ్లు తెలుసుకోవలసిన మార్పు ఒకటి. వరుసగా రెండు నెలలు ఊళ్లో లేక పింఛను తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తున్నారు. మూడో నెలా రాకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కేసి ఆపేస్తారు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు మార్చే వీలూ ఉంది, మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో వెంటనే అర్జీ ఇవ్వాలి. వికలాంగుల నోటీసు అందినవాళ్లు ఎంపీడీఓ ఆఫీసులో, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో అప్పీలు ఇచ్చి రసీదు తీసుకోవాలి. చదువు రాని ఇంటికి ఈ అర్జీ రాసిపెట్టడానికి జుమా తర్వాత మసీదు వరండాలో ఇద్దరు చదువుకున్న పిల్లలు గంటసేపు కూర్చుంటే చాలు.