మార్కులొచ్చాయ్.. మరి తప్పెక్కడో చెప్పేదెవరు? ఆన్‌లైన్ డిగ్రీల్లో టెక్కీలు అడగాల్సిన ప్రశ్న ఇదే!

హైదరాబాద్: మైండ్‌స్పేస్‌లోనో, నానక్‌రామ్‌గూడలోనో ఓ ఆఫీస్ ఊహించుకోండి. ఓ జూనియర్ డెవలపర్ కోడ్ రాసి పంపాడు. సాయంత్రానికల్లా సీనియర్ నుంచి కామెంట్లు. ‘డేటా పెరిగితే ఈ క్వెరీ స్లో అవుతుంది’, ‘ఇక్కడ ఎర్రర్ వస్తే ఏం చేస్తావ్?’ కుర్రాడు సరిచేసి మళ్లీ పంపుతాడు. ఐటీలో అందరికీ తెలిసిన కోడ్ రివ్యూ ఇదే.

అదే కుర్రాడు రాత్రి రూమ్‌కి వెళ్లి ఆన్‌లైన్ పీజీ పోర్టల్ ఓపెన్ చేశాడనుకోండి. అసైన్‌మెంట్ పక్కన కనిపించేది ఒక్క నంబరే.. 18/30. మిగతా 12 మార్కులు ఎందుకు పోయాయో ఎక్కడా ఉండదు. ఆఫీసులో దొరికే ఫీడ్‌బ్యాక్, ఫీజు కట్టి చదివే చోట దొరక్కపోతే ఎలా?

రూల్స్ ఏం చెబుతున్నాయ్?

దూర విద్య, ఆన్‌లైన్ కోర్సులపై యూజీసీ 2020లో రెగ్యులేషన్స్ తెచ్చింది. వాటి ప్రకారం సెమిస్టర్ మధ్యలో జరిగే అసెస్‌మెంట్‌కి గరిష్ఠంగా 30 శాతం, చివరి పరీక్షకి కనీసం 70 శాతం వెయిటేజీ. చివరి పరీక్ష అయ్యాక తప్పు తెలిసినా ఆ సెమిస్టర్‌కి లాభం లేదు. అంటే నేర్చుకుంటూ సరిదిద్దుకునే ఛాన్స్ ఉన్నది ఆ 30 శాతంలోనే. అక్కడ కూడా మార్కు వేసి వదిలేస్తే అది చిన్న సైజు పరీక్షే తప్ప పాఠం కాదు.

లెక్క చూస్తే షాకే!

తప్పు లెక్చరర్లదే అనుకుంటే పొరపాటు. ఆన్‌లైన్ కోర్సుల్లో 250 మంది విద్యార్థుల బ్యాచ్‌కి ఒక కోర్స్ మెంటార్ ఉండాలన్నది నిబంధన. ఒక్కో అసైన్‌మెంట్ చదివి నాలుగు మాటలు రాయడానికి 10 నిమిషాలు వేసుకోండి. 250 మందికి 2,500 నిమిషాలు.. దాదాపు 42 గంటలు. అంటే ఒక్క అసైన్‌మెంట్‌కే వారం మొత్తం డ్యూటీ!

అందుకే చాలా చోట్ల మెషీన్ దిద్దే ప్రశ్నలే దిక్కు. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్నే చూడండి. అసైన్‌మెంట్లకి 25, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75 మార్కులు. ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ అయితే టెస్ట్ కేసులతో కంప్యూటరే చెక్ చేస్తుంది. వేల మందికి ఒకేసారి చెప్పాలంటే ఇది మంచి పద్ధతే. కానీ ఆన్సర్ తప్పని చెప్పడం వేరు, ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టిందో చెప్పడం వేరు.

దీనికి తోడు 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది. స్టూడెంట్ ఏఐతో రాయించి, దిద్దేవాళ్లూ ఏఐతోనే దిద్దితే.. మధ్యలో నేర్చుకున్నది ఎవరు?

కామెంట్ పవర్ ఎంత?

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో స్కూల్ పిల్లలపై ఓ స్టడీ చేశారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి కామెంట్లు మాత్రమే, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. బాగా మెరుగుపడింది కామెంట్లు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చిన గ్రూపులో ఆ ప్రోగ్రెస్ కనిపించలేదు. అది పిల్లల సంగతే కావచ్చు. కానీ మార్కు చూడగానే కామెంట్ చదవడం మానేసే అలవాటు మనకి మాత్రం లేదా?

మన పక్కనే పాఠం ఉంది

కేబుల్ బ్రిడ్జి దాటి జూబ్లీహిల్స్ వైపు వెళ్తే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. 1982లో మొదలైన దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అప్పట్లో ఇంటర్నెట్ లేదు. పుస్తకాలు ఇంటికొచ్చేవి, డౌట్లకి స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్ ఉండేవారు. చదువు దూరమైనా మనిషి దగ్గర ఉండాలన్నది అక్కడి ఐడియా. ఇప్పుడు వీడియో క్వాలిటీ పెరిగింది, ఆ మనిషే తగ్గిపోకూడదు.

జాయిన్ అయ్యే ముందు ఇవి అడగండి

గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ క్లారిటీ ఇచ్చింది. కాబట్టి సర్టిఫికెట్ చెల్లుతుందా అన్నదొక్కటే అడిగితే సరిపోదు. ఇవి కూడా అడగండి:

- అసైన్‌మెంట్ ఎన్ని రోజుల్లో దిద్ది ఇస్తారు? తర్వాతి అసైన్‌మెంట్‌కి ముందే వస్తుందా?
- మార్కుతో పాటు రాతపూర్వకంగా కామెంట్ ఇస్తారా?
- దిద్దేది మనిషా, మెషీనా? ఒక్కో మెంటార్‌కి ఎంతమంది స్టూడెంట్స్?
- తప్పు సరిచేసి మళ్లీ సబ్మిట్ చేసే అవకాశం ఉందా?

అడ్మిషన్ కౌన్సెలర్ ప్లేస్‌మెంట్ల గురించి గంట మాట్లాడి, ఈ నాలుగింటికి జవాబు దాటేస్తే.. మీరు కొంటున్నది వీడియోలనే అర్థం. ఆఫీసు తర్వాత మిగిలే రెండు గంటలు, వీకెండ్లు అన్నీ పెట్టి చదివేవాళ్లకి, తప్పెక్కడో తెలుసుకునే హక్కు కూడా ఫీజులో భాగమే.