ఆవు మెడగంట పేరు, ఆవు దిగరాని చోటు

తెలుగు వర్ణమాలలో ఙకారమంత నిర్భాగ్యపు అక్షరం మరొకటి లేదు. వాఙ్మయంలో ఒకమారు, పరాఙ్ముఖంలో మరొకమారు తలచూపుతుంది. ఆపైన పెద్దబాలశిక్షలో తప్ప దానికి నిలువ నీడ లేదు. ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసిన నాకు, అది ఏ పదానికైనా ముందు నిలబడగా చూస్తానన్న ఆశ ఉండేది కాదు. అరవయ్యో పడిలో, దారెస్సలాములో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పుణ్యమా అని టాంజానియా దేశంలో ఆ ముచ్చట తీరింది. అక్కడొక అగ్నిపర్వత గుండం పేరు, పలికినది పలికినట్టు రాస్తే, ఙ్గొరొంగొరో. యూనికోడులో ఙ కొట్టడానికి నాకు దొరికిన మొదటి సహేతుకమైన అవసరం ఇదే. ఇకపై చదువరుల నాలుకల మీద దయతో గొరొంగొరో అనే రాస్తాను.

ఆ పేరుకు మసాయి జనులు చెప్పుకొనే అర్థం ఇంకా ముచ్చటైనది. ఆవు మెడలో కట్టిన గంట చేసే చప్పుడట అది. మన గణగణ, గలగలల వంటి ధ్వన్యనుకరణమే. మనం విన్నది గణగణ, వాళ్ళు విన్నది గొరొంగొరొ. పశువుల కాపరి చెవి నుంచి పుట్టిన పేరు. నేడు ఆ గుండంలో లేనిది ఆ ఆవే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది.

చూడని వారి కోసం ముందు ఆ చోటును కొంత వర్ణించాలి. అది మామూలు బిలం కాదు. పర్వతం కడుపులోని శిలాద్రవం బయటికి పోయాక శిఖరం ఆధారం లేక లోపలికి కూలిపోతే ఏర్పడిన గుండం. ఇరవై ముప్పై లక్షల ఏళ్ళ నాటి మాట. ఇటువంటి వాటిని కాల్డెరా అంటారు. స్పానిషులో ఆ మాటకు కాగు అని అర్థం. చుట్టూ గోడ తెగిపోకుండా, లోపల నీరు నిండకుండా మిగిలిన కాల్డెరాలలో ప్రపంచం మొత్తం మీద ఇదే పెద్దది. అడుగుభాగం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు, లోతు 600 మీటర్లకు పైమాట. తెల్లవారుజామున గుండం అంచు మీద నిలబడితే శాలువా చాలదు. భూమధ్యరేఖకు ఇంత చేరువలో ఇంత చలి ఏమిటని మా ఆవిడ వాపోయింది. కింద మంచు కదులుతూ ఉంటే ఏదో పాలకాగు మీద పొగలా ఉంది. దిగిన తరువాత లేరాయి అనే పసుపు బెరడు తుమ్మచెట్ల వనం, మగాడి అనే చౌటి సరస్సు, దాని అంచున గులాబి గీతలా ఫ్లెమింగోలు. మన పులికాట్‌కు వచ్చే వాటికి దాయాదులే. విల్డెబీస్టులు, చారల గుర్రాలు, అడవిదున్నలు, దుమ్ములగొండులు, అన్నీ కలిపి పాతికవేల దాకా పెద్ద జంతువులు ఉంటాయంటారు. ఏనుగుల్లో దిగి వచ్చేవి ఎక్కువగా ముదురు మగవి. జిరాఫీలు మాత్రం ఆ అడుగున ఉండవు. నల్ల ఖడ్గమృగాన్ని దూరదర్శినితో చూశాం. అంత దూరం నుంచి అది నల్లరాయి కూడా కావచ్చు, కాని అందరితో పాటు నేనూ సంబరపడ్డాను. మధ్యాహ్నం ఊటచెరువు గట్టున భోజనానికి కూర్చుంటే ఒక గద్ద మా చపాతీ చుట్టను ఎత్తుకుపోయింది. గుండంలో మా శాకాహారానికి దక్కిన గౌరవం అదొక్కటే.

ఇంత చూసి వచ్చిన వాళ్ళందరూ రాసే మాట ఒకటుంది: మనిషి అడుగు పడని స్వర్గం అని. సఫారీ యాత్రాకథనాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చాలానే చదివాను. ఈ వాక్యం లేనిది అరుదు. నా అభ్యంతరం ఈ వాక్యంతోనే.

గుండానికి దగ్గరలో ఓల్డువాయి లోయ ఉంది. 1959లో మేరీ లీకీ అక్కడే పదిహేడు లక్షల ఏళ్ళకు పైబడిన వానరమానవుని కపాలం కనుగొన్నారు. అదే సంరక్షిత ప్రాంతంలోని లేటోలిలో 36 లక్షల ఏళ్ళ నాటి పాదముద్రలు దొరికాయి. ప్రపంచంలో మనిషి అడుగు పడలేదని ఎక్కడైనా అనవచ్చు గాని, ఇక్కడ అనడం చోద్యం. మసాయిలు వచ్చినదీ అనాదిగా కాదు. వాళ్ళకు ముందున్న దతోగా జాతిని తరిమి ఆ పచ్చిక పట్టారు. ఆ తరువాత జర్మను వలసపాలనలో సీడెన్‌టాఫ్ అనే అన్నదమ్ములు గుండం అడుగునే పొలాలు పెట్టారు, మొదటి ప్రపంచయుద్ధం వచ్చేదాకా సాగించారు. ఆ పిదప బ్రిటిషువారు. సెరెంగెటీ నుంచి వెళ్ళిపోతామని 1958లో పన్నెండుమంది మసాయి పెద్దల చేత ఒప్పందం చేయించుకొన్నారు. మరుసటి ఏడు గొరొంగొరోను వేరు చేసి, ఇక్కడ మీరూ మృగాలూ కలిసి ఉండవచ్చునని అన్నారు. ఇద్దరికీ పొసగని నాడు మనుషుల మేలే ముందని ఆనాటి గవర్నరు మసాయి పెద్దలకు మాట కూడా ఇచ్చాడు. ఆ మాట వయసు పదిహేనేళ్ళు. 1974లో గుండం అడుగున కాపురమున్న వాళ్ళను పంపేశారు. 1975లో సేద్యం నిషేధించారు, 1992లో సడలించారు, 2009లో మళ్ళీ బిగించారు. ఉప్పు చవుడు కోసం, నీటి కోసం పశువులను పగటిపూట దింపుకొనే వెసులుబాటు 2017 నాటికి అదీ పోయింది.

ఇప్పుడు రెండో పక్షం వాదం. న్యాయంగా చెప్పాలంటే అది తేలిగ్గా తీసివేయదగినది కాదు. 1959లో ఆ ప్రాంతంలో ఉన్న మసాయిలు సుమారు ఎనిమిది వేలు. ఇప్పుడు లక్షకు చేరువలో ఉన్నారు. పశువులూ పెరిగాయి. 8,300 చదరపు కిలోమీటర్ల నేల సాగదు కదా అంటారు అధికారులు. నిజమే, సాగదు. కాని అంచు మీద వెలసిన హోటళ్ళకు, ఉదయం ఆరు కొట్టగానే బారులు తీరి దిగే జీపులకు ఆ నేల ఎలా సాగిందో కూడా చెప్పాలి. మేము వెళ్ళిన నాడు ఒక సింహం చుట్టూ పద్దెనిమిది బళ్ళు లెక్కపెట్టాను. అందులో మాదొకటి.

అదీ కాక, ఆవు వెళ్ళిపోతే మృగాలు సుఖపడ్డాయా అంటే ఆ దాఖలా కనబడదు. 1960లలో గుండంలో నూరుకు పైగా లెక్కకెక్కిన ఖడ్గమృగాలు తరువాతి దశాబ్దాలలో వేటగాళ్ళ వల్ల పదీ ఇరవై మధ్యకు దిగజారాయి. కొమ్ము కోసం చంపినది దొంగలు. మసాయిలకు అడవి మాంసం తినే ఆచారమే లేదు. పచ్చిక సంగతి ఇంకా విచిత్రం. మసాయిలు ఉన్నంతకాలం పశువులను మేపుతూ, ముదురు గడ్డిని అప్పుడప్పుడు కాలుస్తూ వచ్చారు. వాళ్ళు పోయాక గడ్డి ఏపుగా, మోటుగా పెరిగింది. పొట్టి పచ్చిక కావలసిన విల్డెబీస్టులు తగ్గాయి, అడవిదున్నలు పెరిగాయి. గడ్డితో పాటు గోమార్లు, మా వైపు పిడుదులంటారు, విపరీతమయ్యాయి. 2000లో కరవు, ఆ వెంటనే తెగుళ్ళు వచ్చి దున్నలు, విల్డెబీస్టులు, ఖడ్గమృగాలు కూడా చచ్చాక, 2001లో అధికారులే పూనుకొని గడ్డి తగలబెట్టించారు. పశువుల కాపరి ఊరికే చేసే పనిని, అతణ్ణి సాగనంపి, శాస్త్రీయమని పేరు పెట్టి మళ్ళీ చేశారు. ఇందులో శాస్త్రాన్ని నిందించడానికి ఏమీ లేదు. గడ్డికీ ఆవుకూ ఉన్న చుట్టరికాన్ని కనిపెట్టినది ఆ శాస్త్రవేత్తలే. వారి మాట వినవలసిన వారు వినలేదు.

2022 నుంచి ప్రభుత్వం మసాయిలను సుమారు 600 కిలోమీటర్ల అవతల, హందేనీ జిల్లా మ్సొమేరా గ్రామానికి తరలిస్తోంది. ఇల్లు కట్టిస్తాం, పొలం ఇస్తాం, ఇష్టమైన వాళ్ళే రండి అంటుంది. అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళు ఆ పొలం తమదంటున్నారు. ఇక ఇష్టం సంగతి: గొరొంగొరోలోని బడులకు, ఆసుపత్రికి నిధులు, సౌకర్యాలు తగ్గిస్తూ వచ్చారని మానవహక్కుల సంఘాలు 2024లో నివేదికలిచ్చాయి. బడి గోడ కూలనిచ్చి, ఆపైన పిల్లల చదువు కోసమైనా ఊరు వదలండి అని తల్లిదండ్రులను అడగడాన్ని స్వచ్ఛందం అనే మాటతో పిలవడానికి, బడిపంతులుగా బతికిన నా నోరు రాదు. మాట అర్థాన్ని కాపాడటమే నా వృత్తిగా ఉండేది.

మనకు ఇది దూరపు సంగతేం కాదు. నల్లమలలో చెంచు పెంటలను పులుల కోసం కదిలించే ప్రయత్నాలు మనం ఎరిగినవే. 2006 నాటి మన అటవీ హక్కుల చట్టం, గ్రామసభ తెలిసి, మనసారా ఒప్పుకొంటే తప్ప కదిలించరాదని కనీసం కాగితం మీద రాసుకొంది. ఆ ఒప్పుకోలు పెంటల్లో ఎలా పుట్టించబడుతుందో వేరే వ్యాసానికి సరిపడే విషయం.

నా అభిప్రాయం సూటిగా ఇది. గొరొంగొరోలో మనుషుల లెక్క, పశువుల లెక్క మసాయిలతో కూర్చుని తేల్చుకోవలసినవి. వెళ్ళదలచిన వాళ్ళను పొమ్మనవచ్చు, కాని బడినీ వైద్యాన్నీ పూర్తిగా నిలబెట్టిన తరువాతే అడగాలి. ఉప్పు చవుడుకు మందలను పద్ధతి ప్రకారం తిరిగి దింపనివ్వాలి. యునెస్కో ఆ చోటును 1979లో ప్రకృతి సంపదగా గుర్తించింది. 2010లో మానవ వారసత్వం కూడా చేర్చింది. ఆ వారసత్వాన్ని లక్షల ఏళ్ళ నాటి ఎముకలలోనే చూసి, బతికి ఉన్న వాళ్ళలో చూడకపోవడం సబబు కాదు. సఫారీకి వెళ్ళే మన వాళ్ళను వెళ్ళవద్దని నేను అనను, నేనే వెళ్ళివచ్చాను. సఫారీ అన్నది స్వాహిలీ మాట, ప్రయాణమని అర్థం, మనకు తెలిసిన సఫరుకు అరబీ తల్లి వైపు చుట్టమే. (మా హెడ్మాస్టరు గారి సఫారీ సూటుకు మాత్రం ప్రయాణంతో ఏ సంబంధమూ ఉండేది కాదు, రోజూ అదే కుర్చీలో కూర్చునేవారు.) వెళ్ళినవారు గైడును సింహం ఎక్కడని అడిగినట్టే, మందలు ఎక్కడికి పోయాయని కూడా అడగండి. మాకు సారథ్యం వహించిన అతను మొదట చుట్టూ చూసి, ఆపైన బండి ఇంజను ఆపి, పావుగంట సేపు చెప్పాడు.

2024 ఆగస్టులో, ఓటర్ల జాబితా నుంచి తమ పల్లెలను తీసివేశారని, ఊళ్ళ గుర్తింపే రద్దు చేశారని వేలాది మసాయిలు సెరెంగెటీ వెళ్ళే దారి మీద బైఠాయించారు. అరూషా న్యాయస్థానం ఆ రద్దును నిలిపివేసింది. ఆ డిసెంబరులో అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ మసాయి పెద్దలను పిలిచి, భూమి తగాదా మీద ఒకటి, తరలింపు మీద ఒకటి, రెండు విచారణ సంఘాలు వేస్తానన్నారు. మేము తిరుగుప్రయాణంలో అంచు మీది దారిలో ఒక మందను దాటాం. ఎర్ర శూకా కప్పుకొన్న ఇద్దరు కుర్రవాళ్ళు తోలుతున్నారు. అద్దం దించి చెవి ఒగ్గాను. ఆవుల మెడల్లో గంటలు ఉన్నాయి.