తాళము వేసిన ఇండ్లపై పన్ను వలెనా?

మన సంఘ పత్రికలో పాఠశాలలను గూర్చియు, తెలుగు ఉపాధ్యాయుల నియామకమును గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ వారము నేను ఇండ్ల స్థలములను గూర్చి వ్రాయబూనితిని. ఇది భాషకు సంబంధింపని విషయమని కొందరు పెద్దలు తలంపవచ్చును. చివరివరకు చదివిన పిమ్మట వారే నిర్ణయింతురుగాక.

గత మాసమున, మా అంగడిలో పదునొకండు సంవత్సరములుగా నమ్మకముగా పనిచేయుచున్న ఒక యువకుడు నా యొద్దకు వచ్చి, హోసూరునకు పోవుచున్నాననియు, లెక్క తీర్పించవలసినదనియు అడిగెను. అతనికి వివాహమైనది, బిడ్డ కలిగినది. తండ్రిగారి ఇంటిలో ముగ్గురన్నదమ్ములకు ఉన్నవి రెండే గదులు. నాలుగేండ్లుగా రెండు సెంట్ల స్థలమునకై తిరుగుచున్నాడు. ఇతడు కొంత సొమ్ము కూడబెట్టునప్పటికి ధర ఇంకొక మెట్టు పైకెక్కి కూర్చుండును. హోసూరులో మాత్రము ఇల్లు చౌకగా దొరకునా అని నేనడుగగా, "చౌక కాదన్నా. ఆడ కంపెనీ జీతంతో బాడుగకైనా ఉండొచ్చు. ఈడ బాడుగకిచ్చే ఇల్లే లేదు గదా" అనెను. నాకు బదులు తోచలేదు. అంచెట్టి చుట్టును ఇండ్లు లేచుచునే యున్నవి. కాని అవి శనివారము సాయంకాలము తెరచి, ఆదివారము రాత్రి మూయునట్టి ఇండ్లు.

ఇవి ఎట్లు వచ్చినవో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. కర్ణాటక భూసంస్కరణ చట్టములోని 79ఎ, 79బి సెక్షనులు, సేద్యము వృత్తిగా లేనివారు ఆ రాష్ట్రమున సాగుభూమి కొనకుండ అడ్డుపడుచుండెను. 2020లో వానిని రద్దు చేసిరి. తమిళనాట అట్టి నిషేధము లేదు. కావున బెంగళూరులో ఉద్యోగము చేయుచు, వారమునకొకనాడు చెట్టు నీడను కూర్చుండ గోరువాడు, అత్తిబెలె దాటి హోసూరు, తళి, డెంకణికోట వైపు వచ్చుట సహజమే. తళిని ‘చిన్న ఇంగ్లాండు’ అని పూర్వము పిలిచెడివారు. ఆ పేరు స్థలములమ్మువారికి బాగుగా పనికివచ్చెను. అవతల తలుపు తెరచినచో ఇటు వచ్చువారు తగ్గుదురని నేననుకొంటిని. తగ్గలేదు. దారి అలవాటైనది, ఆ దారివెంట దళారులు స్థిరపడిరి.

వచ్చినవారిలో మంచివారు అనేకులు గలరు. మా అంగడిలో అరువు అడుగనివారు వారే! వారిపై నాకు ద్వేషము లేదు. కాని మన ఊరు హోసూరు వలె నాలుగు వైపుల విస్తరింపగల ఊరు కాదు. చుట్టును కొండలు, అడవులు. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమును సుమారు 504 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించిరి. 2022లో కావేరి దక్షిణ అభయారణ్యమును మరియొక 686 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించిరి. అడవిని కాపాడవలసినదే, రాగి పంటకాలమున ఏనుగులకు కాపలా కాయు మనకు ఆ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. చెప్పదలచిన దేమనగా, మిగిలిన నేల స్వల్పము, గ్రామ నత్తము ఏనాడో నిండినది. ఆ స్వల్పమైన నేల కొరకు బెంగళూరు జీతము ఒక వైపు, అంచెట్టి కూలి ఒక వైపు నిలిచి వేలము పాడుచున్నవి. ఎవరు గెలుతురో వేరుగా వ్రాయనేల?

ఇందులో ఇంకొక చిక్కు గలదు. ఇరుగుపొరుగున జరిగిన పెద్ద అమ్మకములను చూచి ప్రభుత్వము వారి మార్గదర్శక విలువయు పెరుగును. స్టాంపు సుంకము 7 శాతము, 2023 నుండి రిజిస్ట్రేషను రుసుము 2 శాతము, వెరసి 9 శాతము. పది లక్షల స్థలమునకు తొంబదివేల రూపాయలు. 2025 ఏప్రిలు నుండి పది లక్షల లోపు ఆస్తిని స్త్రీల పేర వ్రాయించినచో ఒక శాతము తగ్గించుచున్నారు, మంచి పని. అయినను ధర పెంచినవాడు వేరు, పెరిగిన ధరపై సుంకము కట్టువాడు వేరు. తొలి ఇల్లు కొనువానికిని, నాలుగవ ఇల్లు కొనువానికిని ఆ 9 శాతము ఒక్కటే.

అంతియే కాదు. మన దేశపు పన్నుల విధానము రెండవ ఇంటిని ఆదరించుచున్నది. పూర్వము ఆదాయపు పన్ను లెక్కలో ఒక ఇంటిని మాత్రమే స్వంత నివాసముగా చూపవచ్చును. రెండవది ఖాళీగా నున్నను, దానికి బాడుగ వచ్చినట్లే భావించి పన్ను కట్టవలసి యుండెను. 2019 బడ్జెటులో రెండవ ఇంటికిని ఆ మినహాయింపు నిచ్చిరి. 2025లో ఉన్న నిబంధనలను గూడ సడలించిరి. తమిళనాట 2016లో గృహములకు రెండు నెలలకు 100 యూనిట్ల కరెంటు ఉచితముగా నిచ్చుట మొదలైనపుడు, దీపము వెలుగు ఇల్లేది, తాళము వేసిన ఇల్లేది అని ఎవరును అడుగలేదు. పంచాయతీ ఇంటిపన్ను సంగతియు అంతే; కప్పు ఎట్టిది, వైశాల్యమెంత అని చూతురు గాని, లోపల మనుష్యులుందురా యని చూడరు.

ఇతర దేశములలో చూచుచున్నారు. అందు మనకు మిక్కిలి దగ్గరగా తోచునది బ్రిటనులోని వేల్సు దేశము. అక్కడ గ్వినెద్ అను జిల్లా గలదు. కొండలు, సముద్రతీరము, అందమైన పల్లెలు. 2021 జనాభా లెక్కల ప్రకారము వేల్సు మొత్తమున నూటికి పదునెనమండుగురే వెల్షు భాష మాటలాడువారు. గ్వినెద్‌లో నూటికి అరువదినలుగురు. ఇంగ్లీషువారు సెలవు దినములకై ఆ పల్లెలలో ఇండ్లు కొనగా, వెల్షు యువకులు పట్టణములకు తరలిరి. చలికాలమున వీధులకు వీధులే చీకటి పడెను. 1979 మొదలు కొందరు ఆవేశపరులు ఆ సెలవు ఇండ్లకు నిప్పు పెట్టిన దుష్కార్యములును జరిగెను. నిప్పు వలన భాష బ్రతుకలేదు. తరువాత చట్టము మార్గమున, 2017 నుండి రెండవ ఇండ్లపై నూటికి నూరు వంతుల వరకు అదనపు పన్ను వేయు అధికారమును స్థానిక సంస్థలకిచ్చిరి. 2023లో ఆ హద్దును 300 శాతమునకు పెంచిరి. గ్వినెద్ 150 శాతము వేసినది. అనగా పొరుగువాడు నూరు కట్టుచోట సెలవు ఇంటివాడు రెండు వందల ఏబది కట్టవలెను. ఆ సొమ్మును స్థానికుల గృహవసతికి వినియోగించుచున్నారు. 2024 సెప్టెంబరు నుండి, నివాస గృహమును సెలవు గృహముగా మార్చుటకు ముందుగా అనుమతి పొందవలెనని గూడ నిబంధన పెట్టిరి.

పన్ను వచ్చినచోట సందులును వచ్చును. మాది ఇల్లు కాదు, యాత్రికులకు బాడుగకిచ్చు వ్యాపారమని వ్రాయించి కొందరు తప్పించుకొనగా, ఏడాదికి 182 దినములైనను నిజముగా బాడుగకిచ్చి చూపవలెనని 2023లో బిగించిరి. మన వైపు ఆ సందు ఏ రూపమున వచ్చునో ఊహించుట సులభము. ఇది ఇల్లు కాదు, తోటలోని కొట్టము. మేము సేద్యగాండ్రము అందురు. ఈత కొలను గల కొట్టమును నేను కన్నులార చూచితిని.

పన్ను వేయగానే ధర పడిపోవునని నేను చెప్పుట లేదు. కెనడాలోని వాంకూవరు నగరము 2017లో ఖాళీ ఇండ్ల విలువపై ఏటా ఒక శాతము పన్ను వేసి, 2021లో మూడు శాతము చేసినది. ఖాళీ ఇండ్లు సగమునకు పైగా తగ్గినవి. కాని ఆ నగరమున ఇల్లు నేటికిని సామాన్యునికి అందని పండే. ఇంగ్లాండులో సెంట్ ఐవ్సు అను తీరపు ఊరివారు 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టు ఇండ్లను సెలవు ఇండ్లుగా అమ్మరాదనిరి. కొనువారు పాత ఇండ్ల మీద పడిరి. స్విట్జర్లండు 2012లో ఏ ఊరిలోను రెండవ ఇండ్లు నూటికి ఇరువదికి మించరాదని ప్రజల ఓటుతో నిర్ణయించినది. అచ్చట ధరల జోరు తగ్గినదిగాని, కట్టడపు పనివారి చేతులకు పని తగ్గెనని శాస్త్రజ్ఞులు చూపిరి. మన తాపీమేస్త్రీలు, బావులు త్రవ్వువారు, తోట కావలివారు నేడు ఈ వారాంతపు ఇండ్ల మీదనే బ్రతుకుచున్నారు. మా అంగడిలో సిమెంటు, ఇనుము అమ్మకములు గూడ అంతే. ఇది దాచి వ్రాసినచో నా వ్రాతకు విలువ యుండదు.

ఆ కారణముననే నిషేధము వలదు, ఏటేటి పన్ను వలెనని నా అభిప్రాయము. కొనునప్పుడు ఒక్కసారి కట్టు సుంకమును, కొన్నవాడు మరల అమ్మునప్పుడు ధరలో కలిపి రాబట్టుకొనును. ఏటేటి పన్ను అట్లు కాదు. ఏబది లక్షల ఇంటిపై ఒక శాతమనిన ఏడాదికి ఏబదివేలు. నిజముగా ప్రతి వారము వచ్చి యుండువాడు దానిని భరించును. ధర పెరుగునను ఆశతో కొని తాళము వేసినవాడు ఆలోచనలో పడును. అమ్మనైనను అమ్మును, బాడుగకైనను ఇచ్చును. రాజ్యాంగము ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలోని 49వ అంశము ప్రకారము భూములు, భవనముల మీది పన్ను రాష్ట్రము చేతిలోనిదే. ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. వసూలైన సొమ్ము మాత్రము చెన్నపట్టణపు ఖజానాలో కలియక, పంచాయతీలోనే వేరు ఖాతాలో నుండి, ఇండ్ల స్థలములకే ఖర్చు కావలెను. 2024లో మొదలైన కలైజ్ఞర్ కనవు ఇల్లము పథకము క్రింద ఇంటికి మూడున్నర లక్షలు ఇచ్చుచున్నారు. అది గోడలకు, కప్పుకు. అడుగు నేల లేనివానికి ఆ మూడున్నర లక్షలు దేనికి? ఆ స్థలము పొందువాడు తెలుగువాడా, కన్నడిగుడా, తమిళుడా, ఇరుళ కుటుంబమువాడా యని అడుగరాదు; ఇక్కడ కాపురముండువాడా యని మాత్రమే అడుగవలెను.

ఇక మన వారికి కోపము తెప్పించు మాట. అంచెట్టి పరిసరములలో తాళము వేసిన ఇండ్లన్నియు బెంగళూరువారివి కావు. తరతరములుగా ఇక్కడ నున్న మన తెలుగు కుటుంబములు బిడ్డల చదువునకై హోసూరు చేరి, పండుగకొకసారి తెరచి దీపము పెట్టు పూర్వుల ఇండ్లు ఎన్ని లేవు? ఊరిలో బాడుగకు యోగ్యమైన మిద్దె ఇండ్లు అవియే. బాడుగకిచ్చిన వెళ్లగొట్టలేమని భయము, దేవుని గది యున్నదని సంకోచము, అన్నదమ్ముల పంపకము తేలలేదని సాకు. పంపకము తేలుటకు రెండేండ్ల గడువు నిచ్చుట న్యాయమే. అంతకు మించి మన ఇండ్లకు మినహాయింపు కోరినచో, బెంగళూరువానిని పన్ను కట్టుమని అడుగు ముఖము మనకుండదు. ఆ నేల వారికి అమ్మినదియు మనమే కదా.

ఇప్పుడు మొదట చెప్పిన భాష సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు, మన పిల్లలు తెలుగులో పరీక్ష వ్రాయు హక్కునకై న్యాయస్థానముల మెట్లెక్కితిమి. ఆ హక్కును వినియోగించుకొనుటకు తరగతిలో పిల్లలుండవలెను. మా అంగడి యువకుని బిడ్డ వచ్చే ఏడాది బడిలో చేరవలసినది. హోసూరు బాడుగ ఇంటి దగ్గర నున్న ఇంగ్లీషు బడిలో చేరును. ఇట్టి పిల్లలు పదిమంది తగ్గినచో తెలుగు ఉపాధ్యాయుని పోస్టు నిలుచుట కష్టము. ఆ పోస్టునకై మనము పెట్టుకొన్న అర్జీలు ఎన్నో పాత సభ్యులకు తెలియును.

అక్టోబరు 2వ తేదీ గ్రామసభలో ఈ తీర్మానమును ప్రవేశపెట్టదలచితిని. దానితో బాటు, ఏడాదిలో ఆరు నెలలకు మించి మూసియుండు ఇండ్ల పట్టిక నొకదానిని గూడ వీధి వారీగా వ్రాసి ఇత్తును. వ్రాయుట ఆరంభించితిని. మొదటి వరుసలో నున్నది మా పల్లెలోని మా తాతగారి ఇల్లు. దాని తాళపు చెవి పోయిన వారము ఆ యువకుని చేతికిచ్చి చూచితిని. హోసూరులో ముందుగానే బాడుగ సొమ్ము కట్టితిననియు, ఇంక ఆలస్యమైనదనియు చెప్పి తిరిగి ఇచ్చెను.